టూర్ డి ఫ్రాన్స్ చరిత్ర: అపోహలు – వాస్తవాలు

జూలై వచ్చిందంటే సైకిల్ గ్రూపుల్లో టూర్ డి ఫ్రాన్స్ (ఫ్రాన్స్ చుట్టూ సాగే సైకిల్ రేసు) పాత కథలు మళ్లీ తిరుగుతాయి. చాలావాటిలో కొంత నిజం ఉంటుంది, దాని చుట్టూ బోలెడంత అల్లిక ఉంటుంది. ఇలా జరగడానికి బలమైన కారణమే ఉంది. మొదటి నాలుగు దశాబ్దాల దాకా ఈ రేసు పెట్టిందీ, నిబంధనలు రాసిందీ, జరిమానాలు వేసిందీ, మర్నాడు కథ అచ్చు వేసిందీ ఒకే పత్రిక, పారిస్ నుంచి వచ్చే 'లోతో'. టీవీ లేదు. దారి పొడవునా చూసే సాక్షులూ తక్కువే. పత్రిక ఎలా రాస్తే అదే చరిత్ర అయింది. అందుకే ఏ టూర్ కథ విన్నా, అప్పటి నిబంధన ఏమిటో ముందు చూడాలి.

అపోహ: సైకిల్ ఆట మీద ప్రేమతో క్రీడాభిమానులు మొదలుపెట్టిన పందెం.

వాస్తవం: ఇది పత్రికల సర్క్యులేషన్ పోరులో పుట్టింది. అప్పట్లో పెద్ద క్రీడాపత్రిక 'ల వెలో'. ఆకుపచ్చ కాగితం మీద అచ్చయ్యేది. దాని సంపాదకుడు పియర్ జిఫార్. గూఢచర్యం నింద పడ్డ యూదు సైనికాధికారి డ్రైఫస్ కేసు విషయంలో ఆయనకూ, ప్రకటనలిచ్చే వాహన పరిశ్రమ పెద్దలకూ చెడింది. వాళ్లు 1900లో సొంత పత్రిక పెట్టి, ఆంరీ డెగ్రాంజ్‌ను సంపాదకుడిగా కూర్చోబెట్టారు. పసుపు కాగితం మీద వచ్చే ఆ పత్రికే లోతో. అది నడవడం కష్టంగా ఉన్న రోజుల్లో, 1902 నవంబర్‌లో, జియో లెఫెవ్ర్ అనే యువ విలేకరి దేశమంతా చుట్టే రేసు ఆలోచన ఇచ్చాడు. మొదటి టూర్ ముగిసేసరికి పత్రిక అమ్మకాలు సుమారు 25,000 నుంచి 65,000 దాకా పెరిగాయి. ల వెలో మరుసటి ఏడాదికే మూతపడింది.

అలాగని డెగ్రాంజ్‌కు సైకిల్ తెలియదనుకోకండి. 1893లో గంటలో 35.325 కిలోమీటర్లు తొక్కి, అధికారికంగా గుర్తించిన మొట్టమొదటి గంట రికార్డు నెలకొల్పినవాడు. మన దగ్గర హైదరాబాద్‌లో, విశాఖలో 200, 300, 400, 600 కిలోమీటర్ల బ్రెవేలు (గడువులోగా పూర్తి చేసే దూరపు సవారీలు) తొక్కేవాళ్లకు తెలిసిన ఆడాక్స్ పద్ధతిని, అంటే గుంపుగా ఒకే వేగంతో తొక్కడాన్ని, ఫ్రాన్స్‌లో 1904లో నాటింది కూడా ఆయనే. తర్వాత ఆడాక్స్ క్లబ్ పారిజియన్ ఆయనతో తెగదెంపులు చేసుకుని, ఎవరి వేగం వాళ్లు తొక్కుకునే బ్రెవేలను 1921లో మొదలుపెట్టింది. మన బ్రెవేలన్నీ ఆ దారిలో వచ్చినవే.

అపోహ: మొదటి టూర్ కూడా ఇప్పటిలాగే మూడు వారాలపాటు రోజూ తొక్కే రేసు.

వాస్తవం: 1903 జూలై 1 నుంచి 19 దాకా జరిగింది కానీ స్టేజీలు (ఊరి నుంచి ఊరికి సాగే విడతలు) ఆరే: పారిస్–లియాన్ 467 కి.మీ., లియాన్–మార్సేయ్ 374, మార్సేయ్–తులూజ్ 423, తులూజ్–బోర్డో 268, బోర్డో–నాంత్ 425, నాంత్–పారిస్ 471. మొత్తం 2,428 కి.మీ. మధ్యలో రోజుల తరబడి విశ్రాంతి. మొదటి స్టేజి మధ్యాహ్నం మూడు దాటాక మొదలైంది. గెలిచిన మోరిస్ గారెన్‌కు అది పూర్తి చేయడానికి 17 గంటల 45 నిమిషాలు పట్టింది, అంటే రాత్రంతా తొక్కాడు. ముందు అనుకున్న తేదీలకు 15 మందే పేర్లిచ్చారు. రేసును వాయిదా వేసి, ప్రవేశ రుసుము 20 ఫ్రాంకుల నుంచి 10కి తగ్గిస్తే 60 మంది బయల్దేరారు. 21 మంది చివరిదాకా నిలిచారు. రెండోవాడి కన్నా గారెన్ దాదాపు మూడు గంటలు ముందున్నాడు. అంతటి తేడా ఆ తర్వాత మళ్లీ రాలేదు.

ఒక స్టేజి మధ్యలో మానేస్తే ఇంటికే అన్న నియమం కూడా అప్పుడు లేదు. మొదటి స్టేజిలో కడుపునొప్పితో దిగిపోయిన ఇపోలీత్ ఓకూతురియే రెండో, మూడో స్టేజీలు గెలిచాడు. మొత్తం టైములో మాత్రం అతని పేరు లెక్కకు రాదు.

అపోహ: మొత్తం టైములో ముందున్నవాడు తొడిగే పసుపు జెర్సీ మొదటి రోజు నుంచీ ఉంది.

వాస్తవం: అది 1919లో, అదీ రేసు సగం దాటాక వచ్చింది. అంతకుముందు ముందున్నవాడి చేతికి ఆకుపచ్చ పట్టీ కట్టేవారు. గుంపులో అది ఎవరికీ కనిపించేది కాదు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది కాబట్టి బట్టకూ రంగుకూ కరువు. సైకిల్ కంపెనీలన్నీ ఒకే కూటమిగా ఏర్పడి చాలామంది రైడర్లకు బూడిదరంగు జెర్సీలే ఇచ్చాయి. ఎవరు ముందున్నారో దారి పక్కన జనానికీ విలేకరులకూ తెలిసేది కాదు. జూలై 19న గ్రెనోబుల్‌లో యూజీన్ క్రిస్టోఫ్ మొదటి పసుపు జెర్సీ తొడుక్కున్నాడు. రంగు లోతో కాగితానిది. జనం అతన్ని కానరీ పిట్ట అని ఆటపట్టించారు.

మిగతా జెర్సీలు ఇంకా కొత్తవి. పాయింట్ల ఆకుపచ్చ జెర్సీ 1953లో వచ్చింది. కొండల పోటీ 1933 నుంచే ఉన్నా దానికి ఎర్రచుక్కల జెర్సీ 1975లో వచ్చింది. అప్పటి స్పాన్సర్ ఒక చాక్లెట్ కంపెనీ. పారిస్‌లోని షాంజ్ ఎలీజే వీధి మీద ముగింపు కూడా 1975తోనే మొదలు.

అపోహ: 1905లో బాలన్ దల్సాస్ అనే కొండతో టూర్ మొదటిసారి కొండ ఎక్కింది, 1910లో టూర్మలే కనుమ మీద ఆక్టేవ్ లాపిజ్ 'హంతకులు' అని అరిచాడు.

వాస్తవం: రెండూ కాస్త పక్కకు జరిగిన కథలు. 1903లోనే, రెండో స్టేజిలో సెయింట్ ఎటియెన్ దాటాక 1,161 మీటర్ల రిపబ్లిక్ కనుమ ఉంది. బాలన్ దల్సాస్ ఎత్తు కూడా ఇంచుమించు అంతే. పత్రిక 1905లో దాన్ని పెద్ద పరీక్షగా ఊదరగొట్టింది కాబట్టి ఆ పేరే మిగిలింది.

1910 జూలై 21న లూషోన్ నుంచి బయోన్‌కు 326 కిలోమీటర్ల స్టేజి. పేరెసూర్ద్, ఆస్పాన్, టూర్మలే, ఓబిస్క్ వరసగా ఎక్కాలి. 2,115 మీటర్ల టూర్మలే మీద లాపిజే ముందు. ఆ మాట అన్నది మాత్రం అక్కడ కాదు, ఆ తర్వాత వచ్చిన ఓబిస్క్ మీద, నిర్వాహకులను చూసి. అప్పటికి అతను మొదటి స్థానంలో కూడా లేడు, లాఫూర్కాద్ అనే స్థానికుడు ముందు వెళ్లిపోయాడు. అయినా స్టేజీ, టూరూ రెండూ లాపిజే గెలిచాడు. టూర్మలే పైన లాపిజ్ పేరిట విగ్రహం ఉండటంతో మాట కూడా అక్కడికే చేరిపోయింది.

అపోహ: కొలిమి దగ్గర కుర్రాడి సాయం తీసుకున్నందుకు వేసిన జరిమానా వల్ల క్రిస్టోఫ్ 1913 టూర్ పోగొట్టుకున్నాడు.

వాస్తవం: జరిమానా పది నిమిషాలు, తర్వాత దాన్ని మూడుకు తగ్గించారు. పోయింది గంటలు. ఈ కథను పనిముట్ల వైపు నుంచి చూస్తేనే సరిగా అర్థమవుతుంది.

టూర్మలే దిగుతుండగా క్రిస్టోఫ్ సైకిల్ ముందు ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టి ఉంచే గొట్టాల జత) విరిగింది. సైకిల్ మార్చుకోవడం నిషేధం. ఇంకొకరి సాయం నిషేధం. మరమ్మతు సొంత చేతులతోనే చేయాలి. సైకిల్ భుజాన వేసుకుని, చక్రం చేత్తో పట్టుకుని, పది కిలోమీటర్లకు పైగా నడిచి సెయింట్ మరీ ద కాంపాన్ అనే ఊళ్లో కమ్మరి కొలిమికి చేరాడు. కొలిమివాడు నోటితో దారి చూపొచ్చు, చెయ్యి పెట్టకూడదు. పక్కనే రేసు అధికారులు కాపలా.

విరిగిన ఉక్కు గొట్టాన్ని ఎదురెదురుగా పెట్టి కాల్చి నొక్కితే అతకదు. లోపల పట్టేలా ఇంకో ముక్క తయారుచేసి దూర్చాలి. దానికి ఆకురాయి పెట్టాలి, బెజ్జం వేయాలి, ఎర్రగా కాల్చాలి, సుత్తితో కొట్టాలి, ఫోర్క్ వంకరపోకుండా చూసుకోవాలి. ఫోర్క్ కాస్త ఓరగా అతికినా సైకిల్ ఒక పక్కకు లాగుతుంది, దిగుడులో ప్రాణం మీదకు వస్తుంది. ఒక చేతిలో పట్టుకారు, ఇంకో చేతిలో సుత్తి. తిత్తి ఊదడానికి మూడో చెయ్యి కావాలి. ఆ ఒక్క పనికి కొలిమిలోని కుర్రాడు సాయపడ్డాడు, దానికే జరిమానా. నడకా మరమ్మతూ కలిపి పోయింది దాదాపు నాలుగు గంటలు. ఆ టూర్‌లో అతనికి దక్కింది ఏడో స్థానం, గెలుపు ఫిలిప్ టీస్‌ది. 1919లో పసుపు జెర్సీలో ఉండగా వాలెన్సియెన్ దగ్గర అతని ఫోర్క్ మళ్లీ విరిగింది. టూర్ ఫిర్మాన్ లాంబోకు వెళ్లింది. క్రిస్టోఫ్ ఒక్క టూర్ కూడా గెలవలేదు. మా దృష్టిలో టూర్ చరిత్రలో అతనికి జరిగినంత అన్యాయం ఇంకెవరికీ జరగలేదు. చేసింది కుర్రాడి తిత్తి కాదు, సైకిల్ మార్చుకోనివ్వని నిబంధన.

అపోహ: పాతకాలంలో గేర్లు ఇంకా కనిపెట్టలేదు కాబట్టి ఒకే గేరుతో కొండలెక్కారు.

వాస్తవం: గేర్లు ఉన్నాయి. సెయింట్ ఎటియెన్‌కు చెందిన పోల్ ద వివీ, ఆయన అనుచరులు ఇరవయ్యో శతాబ్దం మొదటి ఏళ్లలోనే గేర్ల సైకిళ్లతో కొండలెక్కి చూపించారు. గెలిచేది కండరమే కావాలి, యంత్రం కాదని డెగ్రాంజ్ పట్టుబట్టాడు. ప్రొఫెషనల్ రైడర్లు డిరైలర్ (సైకిల్ దిగకుండానే చైనును జరిపి గేరు మార్చే పరికరం) వాడటానికి టూర్ ఒప్పుకున్నది 1937లో. ఆ ఏడాది రోజె లపేబీ దానితోనే గెలిచాడు.

అప్పటిదాకా నడిచిన ఏర్పాటు ఇది: వెనక చక్రానికి రెండు వైపులా వేర్వేరు సంఖ్యలో పళ్లున్న స్ప్రాకెట్లు (చైను తిప్పే పళ్ల చక్రాలు). ఉదాహరణకు ముందు 46 పళ్లు, వెనక ఒక వైపు 18, ఇంకో వైపు 22 అనుకోండి. చక్రం చుట్టుకొలత 2.1 మీటర్లయితే, పెడల్ ఒక చుట్టు తిరిగితే 18తో సుమారు 5.4 మీటర్లు, 22తో 4.4 మీటర్లు ముందుకెళ్తారు. ఇప్పటి సైకిల్‌లో ముందు 34, వెనక 34 పళ్లు వేస్తే అదే చుట్టుకు 2.1 మీటర్లే. టూర్మలేను అప్పుడెలా ఎక్కారో ఈ అంకెలే చెబుతాయి, చాలాచోట్ల దిగి నెట్టుకుంటూ వెళ్లారు.

గేరు మార్చాలంటే సైకిల్ దిగాలి. రెక్కల నట్లు రెండూ వదులు చేయాలి, చక్రం ముందుకు తోసి చైను తీయాలి, చక్రం బయటకు లాగి తిప్పి పెట్టాలి, చైను ఎక్కించాలి, చక్రాన్ని వెనక్కి లాగి నట్లు బిగించాలి. చైను వదులైతే రాళ్ల దిగుడులో జారి పడిపోతుంది, మరీ బిగువైతే తొక్కుడు బరువెక్కుతుంది. చక్రం మధ్యకు రాకపోతే టైరు ఫ్రేమ్‌ను రాస్తుంది. చలికి వేళ్లు కొంకర్లు పోతే నట్టే తిరగదు. అందుకే ఎక్కడ ఆగి చక్రం తిప్పాలన్నది పెద్ద ఎత్తుగడ అయింది. ఎదుటివాడు నట్టు విప్పడం చూసి అదే క్షణంలో దూసుకుపోయేవాళ్లు.

అపోహ: విజేతను ఎప్పుడూ టైమును బట్టే తేల్చారు.

వాస్తవం: 1905 నుంచి 1912 దాకా పాయింట్ల లెక్క, ముఖ్యంగా స్టేజిలో వచ్చిన స్థానాన్ని బట్టి. కారణం 1904. ఆ ఏడాది దారిలో మేకులు చల్లారు, రిపబ్లిక్ కనుమ మీద జనం రైడర్లను కొట్టారు. నెలల తర్వాత గారెన్‌తో సహా మొదటి నలుగురినీ తొలగించి, ఐదోవాడైన ఆంరీ కోర్నేను విజేతగా ప్రకటించారు. అతని వయసు 19, ఇప్పటికీ అందరికన్నా చిన్న విజేత. పాయింట్ల పద్ధతిలో మోసం చేసి గంట సంపాదించినా అంత పెద్ద లాభం రాదు. స్టేజీలను పొట్టివి చేసి, రాత్రి తొక్కుడు తగ్గించిందీ అందుకే.

అపోహ: టూర్ గెలవాలంటే కనీసం ఒక స్టేజి గెలవాలి.

వాస్తవం: అక్కర్లేదు. 1990లో గ్రెగ్ లెమాండ్, 2017లో క్రిస్ ఫ్రూమ్, 2019లో ఎగాన్ బెర్నాల్ ఆ ఏడాది ఒక్క స్టేజీ గెలవకుండానే టూర్ గెలిచారు.

అపోహ: చివరి రోజు ఉత్త ఊరేగింపు.

వాస్తవం: ఇప్పుడు చాలా ఏళ్లు అలాగే గడుస్తుంది కానీ ఎప్పుడూ అంతే కాదు. 1947లో జాన్ రోబిక్ చివరి స్టేజిలో దాడి చేసి, రేసులో ఒక్కరోజూ పసుపు జెర్సీ తొడగకుండానే టూర్ గెలిచాడు. 1989లో ఆఖరి రోజు వెర్సాయ్ నుంచి షాంజ్ ఎలీజే దాకా 24.5 కిలోమీటర్ల టైమ్ ట్రయల్, అంటే ఒక్కొక్కరుగా బయల్దేరి గడియారంతో పోటీపడే స్టేజి. లోరాన్ ఫిన్యాన్ 50 సెకన్లు ముందున్నాడు. లెమాండ్ 26 నిమిషాల 57 సెకన్లలో వచ్చాడు, ఫిన్యాన్‌కు 58 సెకన్లు ఎక్కువ పట్టింది. తేడా 8 సెకన్లు.

దీన్ని హ్యాండిల్ ఒక్కదానికే కట్టబెట్టేవాళ్లున్నారు. ముందుకు చాచి ఉండే ట్రయాథ్లాన్ హ్యాండిల్ మీద లెమాండ్ మోచేతులు దగ్గరపెట్టుకుని వంగాడు, పొడవాటి హెల్మెట్ పెట్టాడు. ఫిన్యాన్ జుట్టు ముడితో, హెల్మెట్ లేకుండా, మామూలు టైమ్ ట్రయల్ హ్యాండిల్‌తో తొక్కాడు. ఆ వేగంలో శక్తి ఎక్కువభాగం గాలిని తోయడానికే పోతుంది కాబట్టి హ్యాండిల్ లాభం నిజమే. కానీ ఫిన్యాన్‌కు అప్పటికే సీటు దగ్గర పుండు లేచి కూర్చోవడమే నరకంగా ఉంది. కిలోమీటరుకు సుమారు 2.4 సెకన్ల తేడాలో ఏ వాటా దేనిదో విడదీసి చెప్పడం కుదరదు.

అపోహ: లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ టైటిళ్లు రెండో స్థానం వాళ్లకు వెళ్లాయి.

వాస్తవం: డోపింగ్ (నిషిద్ధ మందుల వాడకం) తేలడంతో 2012లో అతని 1999–2005 టైటిళ్లు ఏడూ రద్దు చేశారు. ఎవరికీ ఇవ్వలేదు, ఆ ఏడేళ్లూ పట్టికలో ఖాళీయే. కాబట్టి అత్యధిక విజయాల రికార్డు ఐదు: జాక్ ఆంకెటీల్, ఎడ్డీ మెర్క్స్, బెర్నార్ ఈనో, మిగెల్ ఇందురాయిన్.

అపోహ: మహిళల టూర్ 2022లో పుట్టింది, టూర్‌లో అతి తక్కువ తేడా లెమాండ్ 8 సెకన్లదే.

వాస్తవం: 1955లో ఐదు రోజుల మహిళల రేసు జరిగింది, మిల్లీ రాబిన్సన్ గెలిచింది. 1984 నుంచి 1989 దాకా పురుషుల టూర్‌తోపాటే మహిళల టూర్ నడిచింది, మొదటి విజేత మరియాన్ మార్టిన్. 2022లో టూర్ డి ఫ్రాన్స్ ఫామ్ పేరుతో ఎనిమిది స్టేజీలుగా మళ్లీ వచ్చింది, అనెమీక్ వాన్ వ్లూటెన్ గెలిచింది. 2024లో ఐదో స్టేజిలో పడిపోయి పసుపు జెర్సీ పోగొట్టుకున్న డెమీ వొల్లెరింగ్, ఆఖరి రోజు ఆల్ప్ ద్యూయెజ్ మీద స్టేజి గెలిచింది. అయినా కాసియా నీవియాదోమా టూర్ నిలబెట్టుకుంది, 4 సెకన్ల తేడాతో.