పన్నీరు గులాబీ ఏ ఊరిది?

తెనాలి దగ్గర మా అమ్మమ్మగారింట్లో నూతి పళ్ళెం పక్కన ఒక గులాబీ చెట్టు ఉండేది. అందరూ దాన్ని పన్నీరు గులాబీ అనేవాళ్ళు. రెండు మూడేసి పువ్వులు గుత్తిగా పూసేవి. పొద్దున కోసి జడలో పెట్టుకుంటే మధ్యాహ్నానికల్లా రేకులు రాలిపోయేవి. వాసన మాత్రం సాయంత్రం దాకా వదిలేది కాదు. ఆ చెట్టు కొమ్మే ఇప్పుడు హైదరాబాద్‌లో మా డాబా మీద కుండీలో పెరుగుతోంది. ఇంతకీ పన్నీరుకి పేరు తెచ్చిన పువ్వు ఇదేనా అన్న అనుమానం నాకు చాన్నాళ్ళు ఉండేది.

కాదని తేలింది. ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్‌లో పన్నీరు, అత్తరు తీసే బట్టీలకెక్కేది ముఖ్యంగా డమాస్క్ గులాబీ. ఉత్తరాదిన దాన్ని చైతీ గులాబ్ అంటారు. చలి వెనకబట్టాక చైత్రమాసంలో కొన్ని వారాలు విరగబూసి, ఇక ఆ ఏటికి సెలవంటుంది. బల్గేరియాలోని కజాన్లక్ లోయలో అదే పువ్వు మే, జూన్ నెలల్లో వస్తుంది. సౌదీ అరేబియాలో కూడా పండుతుందంటే ఆశ్చర్యపోతాం గానీ, అక్కడి తాయిఫ్ తోటలు సముద్రమట్టానికి సుమారు 1,800 మీటర్ల ఎత్తున ఉన్నాయి. చలి రాత్రులకు అక్కడ లోటు లేదు. డమాస్క్‌కి కావాల్సింది అదే. చలికాలం సరిగ్గా తగలకపోతే ఆకులు వేసుకుంటూ కూర్చుంటుంది తప్ప మనసారా పుయ్యదు. మా చెట్టు అలా కాదు. ఏడాది పొడవునా పూస్తుంది, రోహిణి కార్తె ఎండల్లో కూడా ఒకటో రెండో పూలు ఇస్తుంది.

అయితే దీనికి డమాస్క్‌తో చుట్టరికం లేకపోలేదు. హిందూ మహాసముద్రంలో రీయూనియన్ అనే దీవి ఉంది. ఒకప్పుడు దాని పేరు బూర్బన్. అక్కడి రైతులు పొలం గట్ల మీద కంచెగా గులాబీలు నాటేవారు. వాటిలో ఒకటి శరదృతువులో రెండోసారి పూసే డమాస్క్ రకం, రెండోది ‘ఓల్డ్ బ్లష్’ అనే చైనా గులాబీ. ఆ రెండింటికీ పుట్టిన బిడ్డను స్థానికులు రోజ్ ఎడ్వర్డ్ అన్నారు. 1817లో దీవికి వచ్చిన ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు బ్రెయాన్ దాన్ని గమనించి, 1819లో గింజలు పారిస్‌కి పంపాడు. బూర్బన్ గులాబీల వంశం యూరప్‌లో మొదలైంది అలాగే. మన దేశంలో రోజ్ ఎడ్వర్డ్ దండల కోసం, విడిపూల కోసం, అంటు కట్టడం కోసం ఇప్పటికీ సాగులో ఉంది. మన పెరళ్ళలో పన్నీరు గులాబీ అని పిలిచే మొక్కలు ఒకటి కాదు, నాలుగైదు రకాలుంటాయి. మాది మాత్రం ఈ కుటుంబానిదేనని నా నమ్మకం.

ఈ కుటుంబంలోని చైనా గులాబీ ఏడాది పొడవునా ఆగకుండా పూయడం వెనక పెద్ద కథే ఉంది. అడవి గులాబీల్లో పూతకు బ్రేకు వేసే జన్యువు ఒకటుంటుంది. వసంతం పూత అయిపోగానే అది పనిలోకి దిగి, కొత్త చిగుళ్ళు ఆకులు మాత్రమే వేసేలా చూస్తుంది. చైనా గులాబీలో ఆ జన్యువు మధ్యలోకి వేరే డీఎన్‌ఏ ముక్క ఒకటి దూరి కూర్చుంది. దాంతో బ్రేకు పని చెయ్యడం మానేసింది, వేసిన ప్రతి చిగురూ మొగ్గ తొడుగుతుంది. 2012లో జపాన్, ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ఈ సంగతి బయటపెట్టారు. 2018లో గులాబీ జన్యుపటాన్ని మొత్తంగా చదివినప్పుడు కూడా ఎంచుకున్నది ఓల్డ్ బ్లష్‌నే.

మరి చెట్టును గుర్తుపట్టడం ఎలా? చాలామంది రేకులు లెక్కపెడతారు. నేనూ అలాగే మొదలుపెట్టి మోసపోయాను. జనవరిలో లెక్కేసిన పువ్వుకి, మే నెలలో అదే కొమ్మకి పూసిన పువ్వుకి పొంతన కుదరలేదు. మొగ్గ లోపల కేసరాలు తయారు కావాలని చెప్పే జన్యువు చలిలో మందగిస్తుంది, అప్పుడు కేసరాలు కావాల్సినవి కొన్ని రేకులైపోతాయి. ఎండాకాలంలో పువ్వు చిన్నదై, రంగు కూడా వెలిసిపోతుంది. అంటే పువ్వు ముఖం వాతావరణాన్ని బట్టి మారుతుంది.

అందుకే పువ్వును తిరగేసి చూడాలి. లాటిన్‌లో దీనిమీద ఒక పాత పొడుపుకథ ఉంది: మేం అయిదుగురు అన్నదమ్ములం, ఇద్దరికి గడ్డం ఉంది, ఇద్దరికి లేదు, ఒకడికి సగమే ఉంది. అవి పువ్వు కింద ఉండే అయిదు రక్షక పత్రాలు. మొగ్గలో అవి ఒకదాని మీద ఒకటి కప్పుకుని ఉంటాయి. బయటికి తేలిన అంచుకు కుచ్చులాంటి గడ్డం వస్తుంది, లోపల దాగిన అంచు నున్నగా ఉండిపోతుంది. రెండంచులూ బయట ఉన్నవి రెండు, రెండూ దాగినవి రెండు, ఒకంచు మాత్రమే బయటపడ్డది ఒకటి. అడవి చైనా గులాబీల్లో అయిదూ ఇంచుమించు నున్నగానే ఉంటాయి. మా పువ్వును భూతద్దం కింద పెట్టి చూస్తే ఆ సగం గడ్డం వాడు స్పష్టంగా కనిపించాడు! డమాస్క్ వైపు పోలిక కావచ్చు అది. ముళ్ళు మాత్రం చైనా వైపు పోలిక. డమాస్క్ కొమ్మ నిండా సన్నవీ లావువీ కలిసిన ముళ్ళ గజిబిజి ఉంటుంది, మా చెట్టుకి కొక్కెంలా వంగిన ముళ్ళు, అక్కడొకటి ఇక్కడొకటి.

ఆకు తొడిమ మొదట్లో అంటుకుని ఉండే చిన్న రెక్కల్ని కూడా చూడాలి. వాటి అంచు దువ్వెన పళ్ళలా చీలి ఉంటే అది మల్టీఫ్లోరా అనే గులాబీ జాతి. నర్సరీల్లో అంటు కట్టడానికి కింది మొక్కగా ఎక్కువగా వాడేవాటిలో అదొకటి. “ఎర్ర గులాబీ కొన్నానండీ, రెండేళ్ళకి నాటు గులాబీగా మారిపోయింది” అని మా పక్కింటావిడ బాధపడితే వెళ్ళి చూశాను. మొక్క మారలేదు. అంటు బుడిపె కింద నుంచి వచ్చిన కొమ్మలు బలిసి, పైన కట్టిన ఎర్ర గులాబీని చంపేశాయి. అలాంటి కొమ్మను పైపైన కత్తిరిస్తే మళ్ళీ వస్తుంది. మట్టి తీసి, పుట్టిన చోటి నుంచి లాగి తీసెయ్యాలి. సొంత వేళ్ళ మీద పెరిగే పాత రకాలకు ఈ టెన్షన్ ఉండదు.

మన వేడికి తగ్గ గులాబీలను పెంచాలన్న ఆలోచనకు మన దేశంలోనే మంచి ఆధారం ఉంది. ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్ అధికారిగా పనిచేసిన ఎం.ఎస్. వీరరాఘవన్ ఉద్యోగం వదిలి కొడైకెనాల్‌లో స్థిరపడి, మణిపూర్ కొండల జైగాంటియా, వరదల్లో మునిగినా బతికే క్లైనోఫిల్లా అనే అడవి గులాబీలను తల్లిదండ్రులుగా పెట్టుకుని కొత్త రకాలు సృష్టించారు. చలి దేశాల కోసం పుట్టిన హైబ్రిడ్‌లను తెచ్చుకుని మందులు కొట్టి బతికించడం కన్నా ఈ దారే సరైనదని నాకనిపిస్తుంది.

పేరు తేలని గులాబీలతో ఏం చెయ్యాలన్నదానికి అట్లాంటిక్ సముద్రంలోని బెర్ముడా వాళ్ళ పద్ధతి నాకు చాలా నచ్చింది. మంచు పడని ఆ దీవిలో చైనా గులాబీలూ, వాటి చుట్టాలైన టీ గులాబీలూ పెద్ద పొదలవుతాయి. పాత ఇళ్ళ దగ్గర దొరికిన వాటికి తొందరపడి అసలు పేరు తగిలించరు. ‘స్మిత్స్ పారిష్’ లాగా దొరికిన చోటి పేరో, మరో గుర్తో పెట్టి, మిస్టరీ గులాబీలుగా కాపాడుకుంటారు.

ఈసారి వానలు వెనకబట్టాక మా చెట్టుని కొద్దిగా కత్తిరించాను. పాత రకాలకు హైబ్రిడ్‌లకి చేసినంత గట్టి కోత అక్కర్లేదు. పెన్సిల్ లావు కొమ్మలు ఆరు ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి నీడన పెట్టాను. నాలుగు చిగురేశాయి. రెండు మా పిన్ని కూతురికి, ఒకటి పక్కింటావిడకి. కుండీల మీద రోజ్ ఎడ్వర్డ్ అని రాయలేదు. ‘తెనాలి నూతి గులాబీ’ అని, కింద కొమ్మ కోసిన తేదీ రాశాను.