గ్యారంటీకి అడ్డం శాలరీ క్యాప్ కాదు: ఎన్‌ఎఫ్‌ఎల్ పేచీ వెనక 2022 మార్చి

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌ ఉంటుంది. 2025 డ్రాఫ్ట్‌ రెండో రౌండ్‌లో ఎంపికైన 32 మందిలో 30 మంది జూలై వచ్చినా సంతకం పెట్టలేదు. గొడవ జీతం గురించి కాదు. ఏ నంబరు ఎంపికకు నాలుగేళ్లకు ఎంత అన్నది దాదాపు ముందే ఖరారై ఉంటుంది. అందులో ఎంతకి గ్యారంటీ అన్నదగ్గరే బేరం తెగలేదు. 33వ ఎంపికకు క్లీవ్‌లాండ్ బ్రౌన్స్, 34వ ఎంపికకు హ్యూస్టన్ టెక్సన్స్ మొత్తానికీ గ్యారంటీ ఇచ్చేశాయి. తమకూ అంతే కావాలని మిగతావాళ్లు పట్టుబట్టారు. (2022లో క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపే ఆటగాడు) డెషాన్ వాట్సన్‌ను వదులుకున్నది హ్యూస్టన్, పూర్తి గ్యారంటీతో తెచ్చుకున్నది క్లీవ్‌లాండ్. తగువు మళ్లీ ఈ రెండు జట్ల దగ్గరే రాజుకుంది.)

ఒక జట్టు ఏడాదికి జీతాలపై పెట్టగల ఖర్చుకు లీగ్ విధించే పరిమితే శాలరీ క్యాప్. 1994లో 3.46 కోట్ల డాలర్లతో మొదలై 2025కి 27.92 కోట్లకు చేరింది. ఆ క్యాప్ వల్లే పూర్తి గ్యారంటీ కుదరదన్న మాట మాత్రం నిజం కాదు. ఆట తగ్గినా, గాయపడినా, క్యాప్‌లో చోటు కోసం తీసేసినా డబ్బు ఇవ్వాల్సిందే అంటే పూర్తి గ్యారంటీ. వార్తల్లో కనిపించే పెద్ద అంకెల్లో చాలా భాగం గాయానికి మాత్రమే వర్తిస్తుంది.

వాట్సన్‌పై ఇరవైకి పైగా సివిల్ దావాలు నడుస్తుండగానే 2022 మార్చిలో బ్రౌన్స్ అయిదేళ్లకు 23 కోట్ల డాలర్లు రాసిచ్చింది, ప్రతి డాలరుకూ గ్యారంటీతో. తొలి ఏడాది మూలవేతనం 10.35 లక్షలే, సుమారు 4.5 కోట్లు సైనింగ్ బోనస్. బోనస్ చేతికి ఒకేసారి వస్తుంది, క్యాప్ లెక్కలో అయిదేళ్లకు సర్దుతారు. అందుకే ఆ ఏడాది క్యాప్‌పై పడింది కోటి డాలర్లే. 11 మ్యాచ్‌ల సస్పెన్షన్‌కు వాట్సన్ పోగొట్టుకున్న జీతం 6.3 లక్షలు (50 లక్షల జరిమానా వేరే). తర్వాతి ఏళ్ల జీతాన్నీ బోనస్‌గా మార్చి ముందుకు తోశారు. ఆటగాణ్ణి తీసేసిన రోజున ఇలా తోసిన బాకీ అంతా డెడ్ మనీగా తిరిగొస్తుంది. క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్‌ను వదిలించుకున్న డెన్వర్‌కు రెండేళ్లలో 8.5 కోట్లు అలా పోయాయి.

వాట్సన్ ఒప్పందం కుదిరి రెండు వారాలు తిరక్కుండానే ఫ్లోరిడాలో యజమానుల సమావేశం జరిగింది. గ్యారంటీలు తగ్గించుకోమని లీగ్ యాజమాన్య మండలి, కమిషనర్ ఆమోదంతోనే, జట్లను ప్రోత్సహించిందని మధ్యవర్తి క్రిస్టఫర్ డ్రోనీ 2025 జనవరి తీర్పులో తేల్చారు. అయినా జట్లు కూడబలుక్కున్నాయనడానికి ఆధారం చాలదంటూ ఆటగాళ్ల యూనియన్ ఫిర్యాదు కొట్టేశారు. ఆ ఫిర్యాదులోని ముగ్గురు క్వార్టర్‌బ్యాక్‌లకూ (విల్సన్, మర్రే, జాక్సన్) పూర్తి గ్యారంటీ దొరకలేదు. విల్సన్‌కు 24.5 కోట్ల పొడిగింపులో సంతకం నాటికి పక్కాగా ఉన్నది 12.4 కోట్లు. కైలర్ మర్రే ఒప్పందం తమ క్వార్టర్‌బ్యాక్ బేరానికి పనికొస్తుందని ఒక యజమాని ఇంకొకరికి పంపిన సందేశమూ విచారణలో బయటపడింది. లమార్ జాక్సన్‌పై 2023లో బాల్టిమోర్ వేసిన ట్యాగ్ (ఒప్పందం ముగిసిన ఆటగాణ్ణి ఏడాది పాటు ఆపి ఉంచే హక్కు) ఇతర జట్లకు తలుపు తెరిచే ఉంచింది. ఒక్క జట్టూ బేరానికి రాలేదు. ఎవరి కారణాలు వాళ్లవేనట.

భవిష్యత్తు గ్యారంటీ సొమ్మును, కొంత మినహాయింపు పోను, ముందే విడిగా జమ చేయాలన్న నిధి నియమం తమ చేతులు కట్టేస్తోందని జట్లు అంటాయి. జట్లు దివాళా తీస్తాయేమోనన్న భయం ఉన్న రోజుల నియమం అది. టీవీ హక్కులు వేల కోట్ల డాలర్లు పలికే కాలంలో దానికింకా పనేమిటో ఎవరూ చెప్పరు. 2018లో కిర్క్ కజిన్స్‌కు మిన్నెసోటా 8.4 కోట్లు పూర్తి గ్యారంటీతో ఇచ్చినప్పుడూ ఇదే నియమం ఉంది.

విచిత్రమేమిటంటే, ఆ తీర్పును జూన్ దాకా యూనియన్ కూడా బయటపెట్టలేదు. ఇద్దరు పాత్రికేయులు బయటపెట్టాక అప్పీలుకు వెళ్లింది. రెండో రౌండ్ కుర్రాళ్లు మాత్రం తీర్పు కోసం కూర్చోలేదు. జూలైలో 40వ ఎంపిక టైలర్ షఫ్ న్యూ ఓర్లీన్స్‌ నుంచి నాలుగేళ్లకూ గ్యారంటీ రాయించుకున్నాడు. నిధి నియమాన్ని మార్చాలంటే లీగ్‌కూ యూనియన్‌కూ మధ్య ఉన్న ఉమ్మడి ఒప్పందమే మారాలి. అది 2030 సీజన్ దాకా నడుస్తుంది.