ఎంబసీ ముద్ర, పోయిన బ్యాగు, పరాయి దేశంలో అరెస్టు: అపోహలు - వాస్తవాలు

కరీంనగర్‌లో వకీలుగా నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది గల్ఫ్‌కో, అమెరికాకో, కెనడాకో ప్రయాణం పెట్టుకున్నవాళ్లే. దేశాల మధ్య ఒప్పందాల గురించి చెప్పబోతే "అది పెద్దోళ్ల ముచ్చట, మనకెందుకు సార్" అంటారు. ఆ ఒప్పందాలు తెలియక డబ్బూ గడువూ రెండూ పోగొట్టుకున్నవాళ్లను చూసి ఇది రాస్తున్నాను.

అపోహ: ఏ దేశం వెళ్లినా సర్టిఫికెట్ మీద ఆ దేశపు ఎంబసీ ముద్ర ఉండాలి.

వాస్తవం: ఆ తిప్పలు తప్పించడానికే 1961లో హేగ్‌లో అపోస్టిల్ (కాగితం మీది సంతకం, ముద్ర అసలైనవని చెప్పే ధ్రువీకరణ) ఒప్పందం కుదిరింది. మన దేశం 2005లో చేరింది. అందులో ఉన్న చాలా దేశాలకు వెళ్తుంటే డిగ్రీ అయినా, పెళ్లి సర్టిఫికెట్ అయినా ముందు రాష్ట్రంలో అటెస్టేషన్ చేయించాలి. ఆపైన మన విదేశాంగ శాఖ అపోస్టిల్ స్టిక్కర్ అంటిస్తే చాలు. ప్రభుత్వ రుసుము కాగితానికి 50 రూపాయలు. కాగితాలు తీసుకునే ఏజెన్సీ చార్జీ దానికి అదనం.

"గల్ఫ్" అని అన్ని దేశాలనూ ఒకే గాటన కట్టేసే చోటే మోసం మొదలవుతుంది. ఒమన్, బహ్రెయిన్ ఈ ఒప్పందంలో ఎప్పటినుంచో ఉన్నాయి. సౌదీలో 2022 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. యూఏఈ, ఖతార్, కువైట్ చేరలేదు. వాటికి ఎంబసీ ముద్ర కావాల్సిందే. 2023లో జగిత్యాల వైపు నుంచి సౌదీకి నర్సుగా వెళ్తున్న ఒకమ్మాయి వచ్చింది. అపోస్టిల్ అయిపోయాక కూడా ఎంబసీ ముద్ర పేరు చెప్పి ఏజెంటు పదిహేను వేలు అడిగాడట. వాళ్ల నాన్న అప్పటికే అప్పు కోసం తిరుగుతున్నాడు. ఆ డబ్బు కట్టనక్కర్లేదని చెప్పి పంపాను. ఆమె ఆ స్టిక్కర్‌తోనే వెళ్లింది.

ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి. కాగితం మీది సంతకం, ముద్ర అసలైనవని చెప్పడం వరకే అపోస్టిల్ పని. లోపల రాసింది నిజమని అది హామీ ఇవ్వదు.

అపోహ: విమానంలో బ్యాగు పోతే కిలోకింత అని ఇస్తారు, ఇచ్చింది తీసుకోవాలి.

వాస్తవం: కిలో లెక్క పాత వార్సా ఒప్పందానిది. 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం మనిషికింత అని పరిమితి పెట్టింది. మన దేశంలో అది 2009 నుంచి అమల్లో ఉంది. 2024 డిసెంబరు 28 నుంచి ఆ పరిమితి 1,519 ఎస్‌డీఆర్‌లు. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) విలువ కట్టే లెక్క యూనిట్. మన రూపాయల్లో చూస్తే మొత్తం లక్షన్నర పైమాటే. అంతా చేతికొస్తుందని కాదు, నష్టం ఎంతో మీరే చూపించాలి. అందుకే బ్యాగు సర్దేటప్పుడే ఫొటో తీసుకోండి, బిల్లులు పారేయకండి.

నేను ఎక్కువ కేసులు వదులుకోవాల్సి వచ్చింది గడువు దగ్గరే. బ్యాగు పాడైతే అందిన 7 రోజుల్లో, ఆలస్యంగా వస్తే అందిన 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. కౌంటర్ దగ్గర నోటితో చెప్పి వచ్చేస్తే లెక్కలోకి రాదు. దావాకు గడువు రెండేళ్లు. దానికోసం పరాయి దేశం వెళ్లక్కర్లేదు. మీ ప్రయాణం హైదరాబాద్‌లో ముగిసేదైతే ఇక్కడే వేయొచ్చు.

అపోహ: పరాయి దేశంలో పోలీసులు పట్టుకుంటే మనకు దిక్కుండదు.

వాస్తవం: 1963 వియన్నా ఒప్పందం 36వ అధికరణం ప్రకారం, మీరు కోరితే మన కాన్సులేట్‌కు ఆలస్యం లేకుండా కబురు చేయాలి. ఆ హక్కు ఉందని మీకు చెప్పాల్సిన బాధ్యత కూడా అక్కడి పోలీసులదే. పాకిస్థాన్ అరెస్టు చేసిన మన దేశస్థుడు కుల్‌భూషణ్ జాదవ్ కేసులో ఆ దేశం దీన్ని ఉల్లంఘించిందని 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పిచ్చింది. కాన్సులేట్ వాళ్లు వచ్చి కలుస్తారు, వకీలును ఏర్పాటు చేయగలరు. కేసు కొట్టేయించడం మాత్రం వాళ్ల చేతుల్లో లేదు. గల్ఫ్ వెళ్లేవాళ్లు నా ఆఫీసుకొస్తే "ఇండియన్ కాన్సులేట్‌కు చెప్పండి" అనే మాటను ఇంగ్లిష్‌లో రెండుసార్లు పలికించి గానీ పంపను.