మధురపూడి నుంచి అండమాన్‌కి ఎంతసేపు?

రాజమండ్రి, పోర్ట్ బ్లెయిర్ విమానాశ్రయాల పేర్లు ఫోనులో కొట్టి చూడండి. దూరం 1,320 కిలోమీటర్లు, విమానంలో రెండు గంటలు అని టక్కున చెప్పేస్తుంది. దూరం నిజమే. ఆ రెండు గంటల విమానమే లేదు. రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడిలో ఎక్కి హైదరాబాదులోనో ఇంకెక్కడో దిగి మారాల్సిందే. అండమాన్ మనకు తూర్పున ఉంటే, ముందు పడమరగా 360 కిలోమీటర్లు పోయి, అక్కణ్ణుంచి 1,660 కిలోమీటర్లు వెనక్కి రావాలన్నమాట.

ఇంతకీ ఆ 1,320 ఎలా వచ్చింది? కాగితం మీద మనమూ వేసుకోవచ్చు. మధురపూడి ఉన్నది 17.1 ఉత్తర అక్షాంశం, 81.8 తూర్పు రేఖాంశం దగ్గర. పోర్ట్ బ్లెయిర్ (2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు) 11.6, 92.7 దగ్గర. అక్షాంశంలో ఒక డిగ్రీ ఎక్కడైనా 111 కిలోమీటర్లే. రేఖాంశం అలా కాదు, భూమధ్యరేఖ నుంచి ధ్రువం వైపు పోయేకొద్దీ కుంచించుకుపోతుంది. మన మధురపూడి దగ్గర డిగ్రీకి 106, పోర్ట్ బ్లెయిర్ దగ్గర 109. సగటున 107.8 అనుకుంటే అడ్డంగా 1,175, నిలువుగా 610. ఇక హైస్కూల్లో చదివిన పైథాగరస్ సరిపోతాడు: 1,324.

దగ్గరి ఊళ్లకే ఈ కిటుకు. హైదరాబాద్ నుంచి షికాగోకి ఇలా లెక్కేస్తే మునిగిపోతాం. గుండ్రటి భూమ్మీద ఆ రెంటి మధ్య అతి దగ్గర దారి 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా, ఆర్కిటిక్ మంచు మీదుగా పోతుంది.

దూరాన్ని వేగంతో భాగించి గంటలు చెప్పడం ఇంకో తిరకాసు. రెక్కల ముందు పంకాలు తిరిగే ఏటీఆర్ విమానం గంటకు 500 కిలోమీటర్ల దాకా పోతుంది. ఆ లెక్కన హైదరాబాదుకు 43 నిమిషాలు చాలు. టికెట్ మీద మాత్రం గంట దాటి ఉంటుంది. తప్పేం కాదు. చక్రాల దగ్గర అడ్డుదిమ్మలు తీసినప్పటి నుంచి, అవతల మళ్లీ పెట్టేదాకా టికెట్ సమయమే. రన్‌వే దాకా మెల్లగా పాకడం, పైకెక్కేటప్పటి తక్కువ వేగం, శంషాబాద్ మీద దిగడానికి వరస, అన్నీ అందులోవే. ప్రయాణం ఎంత చిన్నదైతే ఈ అదనపు సమయం అంత ఎక్కువగా తెలుస్తుంది.

ఆపైన గాలి. దుబాయ్ నుంచి వచ్చే కోనసీమ వాళ్లకు తెలిసిందే, పోయేటప్పటికన్నా వచ్చేటప్పుడు విమానం త్వరగా దిగుతుంది. చలికాలంలో ఉత్తర భారతం మీద పడమటి జెట్ గాలి, అంటే బాగా ఎత్తులో జోరుగా వీచే గాలి ప్రవాహం, వెనక నుంచి తోస్తుంది. వానాకాలంలో దక్షిణాది మీద కథ తిరగబడుతుంది. ఎత్తులో తూర్పు నుంచి పడమరకు వీచే జెట్ ప్రవాహాన్ని వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం 1958లో వివరించాడు. గంటకు 830 కిలోమీటర్లు పోయే జెట్ విమానానికి అండమాన్ దారిలో 60 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే గంటా 43 నిమిషాలు. అదే గాలి వెనకుంటే గంటా 29. ఏ గాలీ ఫోను లెక్కలో కనపడదు.

నేల మీది దూరం సంగతి ఫోనుకు అసలే పట్టదు. కోనసీమలోని సఖినేటిపల్లిలో ఉన్నవాళ్లు గోదావరి అవతలి ఒడ్డు నరసాపురానికి పంటు (మనుషుల్నీ బండ్లనూ దాటించే పెద్ద పడవ) మీద నిమిషాల్లో చేరతారు. పంటు ఆగిందా, చించినాడ వంతెన చుట్టూ తిరగాలి. అదే సఖినేటిపల్లి నుంచి మధురపూడికి కారులో రెండు గంటల పైమాటే, అంటే హైదరాబాద్ విమానం గాల్లో ఉండే సమయానికి రెట్టింపుకన్నా ఎక్కువ.