డ్రాగన్ కొమ్మకు వేరు తొడిగించే ఆక్సిన్

డ్రాగన్ ఫ్రూట్ అనేది మెక్సికో, మధ్య అమెరికా అడవుల్లో చెట్లను ఆనుకొని పైకి పాకే కాక్టస్. కాండం పొడవునా గాలిలోకి వేళ్లు తొడిగి బెరడును పట్టుకోవడం దాని స్వభావం కనుక, కోసిన కొమ్మ ముక్కను మట్టిలో గుచ్చితే ఏ మందూ లేకుండానే సాధారణంగా వేరు తన్నుతుంది. ఇంత సులువుగా వేరూనే మొక్కకు హార్మోన్ ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. వేరు రావడానికి కాదు, త్వరగా, ఎక్కువగా, అన్ని ముక్కలకూ ఇంచుమించు ఒకేసారి రావడానికి. ఒక్కో సిమెంటు స్తంభం చుట్టూ నాలుగేసి మొక్కలు నాటే మన రైతుకు ఆ నాలుగూ సమానంగా ఎదగడం ముఖ్యం. పెరట్లో ఒక్క మొక్క పెంచుకునే వారికి మాత్రం హార్మోన్ అంత అవసరం కాదని నా అభిప్రాయం.

చిగుళ్లలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోన్ కాండం గుండా కిందికి ప్రవహిస్తుంది. కొమ్మను కోసినప్పుడు ఆ దారి తెగి, కోత దగ్గర ఆక్సిన్ పోగుపడుతుంది. దాని ప్రభావంతో నీటినీ ఆహారాన్నీ మోసే నాళికా పుంజాల పరిసరాల్లోని కణాలు మళ్లీ విభజన మొదలుపెట్టి వేరు మొలకలుగా మారుతాయి. ముక్కను తలకిందులుగా నాటకూడదనడానికి ఒక కారణం ఇదే. సహజ ఆక్సిన్ అయిన ఇండోల్ ఎసిటిక్ ఆమ్లం వెలుతురులోనూ, మొక్కలోని ఎంజైముల వల్లనూ త్వరగా విచ్ఛిన్నమవుతుంది. 1935లో అమెరికాలోని బాయిస్ థాంప్సన్ సంస్థలో జిమ్మర్‌మన్, విల్‌కాక్సన్ అనే శాస్త్రవేత్తలు వేరు పుట్టించే శక్తి ఇండోల్ బ్యూటిరిక్ ఆమ్లానికి కూడా ఉన్నదని చూపారు. ఇది అంత తొందరగా చెడదు. మొక్కలోకి చేరాక మెల్లగా సహజ ఆక్సిన్‌గా మారుతుంది. నేడు దుకాణాల్లో దొరికే వేరు పుట్టించే పొడుల్లో చాలావాటిలో టాల్కమ్ పొడితో కలిపి ఉండేది ఇదే.

మోతాదు పెంచితే ఫలితం పెరగదు. ఆక్సిన్ మితిమీరితే కణజాలంలో ఇథిలీన్ వాయువు ఎక్కువై, వేళ్ల ఎదుగుదల కుంటుపడి, మొదలు నల్లబడవచ్చు. పొడుల గాఢత పది లక్షల భాగాలకు సుమారు 1,000 నుంచి 8,000 భాగాల దాకా ఉంటుంది. గట్టి చెక్క కొమ్మలకు ఉద్దేశించిన ఘాటు రకం ఈ కండగల కాండానికి అవసరం లేదు.

డ్రాగన్ ముక్కలను నిజంగా చంపేది హార్మోన్ లేకపోవడం కాదు, తడి. ముదురు ఆకుపచ్చ రంగుకు తిరిగిన కొమ్మ నుంచి దాదాపు ఒక అడుగు పొడవున్న ముక్క తీసి, దాని కింది చివర ఒకటి రెండు అంగుళాల మేర కండను ఏటవాలుగా చెక్కి లోపలి గట్టి కాడను బయటపెడితే, వేళ్లు అక్కడి నుంచే తేలిగ్గా వస్తాయి. పొడిని కోత పచ్చిగా ఉన్నప్పుడే అద్దడం మేలు, ఎందుకంటే గాయం మానిన పొర ఏర్పడ్డాక హార్మోన్ లోపలికి చేరడం కష్టం. ఆ తర్వాత ముక్కను నీడలో వారం దాకా ఆరనివ్వాలి. పత్రరంధ్రాలను పగలు మూసి, రాత్రి తెరిచే మొక్క కాబట్టి అన్ని రోజులు నీరు లేకున్నా వాడిపోదు. తర్వాత ఇసుక కలిపిన, నీరు నిలవని మట్టిలో నాటి, వేరు పట్టేదాకా నీరు పొదుపుగా పోయాలి. పొడి డబ్బాలో కొమ్మను నేరుగా ముంచకుండా, కొద్దిగా వేరే కాగితం మీద ఒంపుకొని అద్దితే, ఒక ముక్కలోని కుళ్లు తెగులు మిగతా పొడికి అంటదు.