వద్దన్న మందునే వాడమన్నారు: హార్ట్ ఫెయిల్యూర్‌లో బీటా బ్లాకర్ల పాతికేళ్ల తగాదా

గుండె పంపింగ్ తగ్గిందని తేలిన పేషెంటు ప్రిస్క్రిప్షన్‌లో ఇవాళ బీటా బ్లాకర్ లేకపోతే ఎందుకు లేదని అడగాల్సిందే. మెటోప్రొలాల్, బిసోప్రొలాల్, కార్వెడిలాల్... పేరు ఏదైనా ఇవి చేసే పని గుండె వేగాన్ని, అది ముడుచుకునే బలాన్ని తగ్గించడం. అసలే నీరసించిన గుండెని ఇంకా నెమ్మది చేయడమేమిటని పేషెంట్లు అడుగుతుంటారు. న్యాయమైన సందేహమే. కార్డియాలజీలో హేమాహేమీలకు కూడా పాతికేళ్ల పాటు ఇదే సందేహం. 1980ల దాకా హార్ట్ ఫెయిల్యూర్ (గుండె పంపింగ్ ఒంటికి చాలని జబ్బు) ఉన్నవాళ్లకి ఈ మందు జోలికి పోకూడదనే వైద్య విద్యార్థులకు చెప్పేవారు.

ఆ మాట ఊరికే పుట్టలేదు. 1960ల్లో అమెరికా నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో యూజీన్ బ్రౌన్‌వాల్డ్ బృందం హార్ట్ ఫెయిల్యూర్ పేషెంట్లలో నార్‌అడ్రినలిన్‌ని, అంటే గుండెని వేగంగా, బలంగా కొట్టుకునేలా చేసే హార్మోన్‌ని కొలిచింది. కాస్త శ్రమపడితే చాలు, వాళ్ల రక్తంలో అది మామూలు మనుషుల్లో కంటే బాగా ఎక్కువగా పెరుగుతోంది. గుండె కండరంలో ఉండాల్సిన నిల్వలు మాత్రం అడుగంటుతున్నాయి. అంటే బలహీనపడ్డ గుండెని శరీరం ఈ హార్మోన్‌తో అదిలిస్తూ నడిపిస్తోందన్నమాట. అప్పుడే కొత్తగా వచ్చిన ప్రొప్రనలాల్ అనే బీటా బ్లాకర్‌తో దాన్ని అడ్డుకుంటే కొందరి పరిస్థితి దిగజారింది కూడా. ఉన్న ఒక్క ఊతాన్నీ లాగేస్తే మనిషి కూలబడతాడని తేల్చారు. చేతిలో ఉన్న ఆధారాలను బట్టి చూస్తే అది తప్పుడు ఆలోచనేమీ కాదు.

దీన్ని ఎదిరించినవాళ్లు స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఉండేవారు. ఫిన్ వాగ్‌స్టీన్, ఓకె యాల్మర్‌సన్ తదితరులు డైలేటెడ్ కార్డియోమయోపతీతో, అంటే గుండె కండరం సాగి గది పెద్దదైపోయిన జబ్బుతో బాధపడుతున్న ఏడుగురిని ఎంచుకున్నారు. జబ్బు బాగా ముదిరినవాళ్లే. ఊరికే కూర్చున్నా గుండె వేగంగా కొట్టుకోవడం వాళ్లందరిలోనూ కనిపించింది. మామూలుగా ఇచ్చే మందులకు తోడు బీటా బ్లాకర్ ఇచ్చి, ఒక్కొక్కరినీ 2 నుంచి 12 నెలల దాకా గమనించారు. ఆయాసం తగ్గింది, గుండె పనితీరు మెరుగుపడింది. 1975లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ఈ పేపర్ వచ్చింది. అందులో వాడిన మందుల్లో ఒకటైన ప్రాక్టొలాల్, కళ్లనూ చర్మాన్నీ దెబ్బతీస్తోందని తేలడంతో ఆ తర్వాత కొద్దికాలానికే వాడకం నుంచి పోయింది. కొత్త ఆలోచనకి అంతకంటే చెడ్డ ముహూర్తం దొరకదు.

ఏడుగురు పేషెంట్లు, పోల్చి చూసుకోవడానికి ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి మాత్ర) గుంపు లేదు. బయటి కార్డియాలజిస్టులు నమ్మలేదంటే వాళ్లని తప్పుబట్టలేం. గోథెన్‌బర్గ్ వాళ్లు వెనక్కి తగ్గలేదు. అదే బృందంలోని కార్ల్ స్వెడ్‌బర్గ్ 1979లో, ఈ మందు వాడినవాళ్లు ఎక్కువ కాలం బతుకుతున్నట్టుందని లాన్సెట్‌లో రాశాడు. మరుసటి ఏడాది వచ్చిన పేపర్ నా లెక్కన ఇంకా బలమైనది. కుదుటపడ్డ పేషెంట్లకు మందు ఆపి చూస్తే చాలామందిలో గుండె మళ్లీ దెబ్బతినడం మొదలైంది, తిరిగి ఇస్తే కోలుకుంది. దాన్ని కాకతాళీయమని కొట్టిపారేయడం కష్టం.

అయినా కొట్టిపారేశారు. అందుకు కారణం 1980ల మొదట్లో వేరేచోట్ల జరిగిన చిన్నచిన్న ట్రయల్స్. ఒక నెల పాటు మందిచ్చి కొలిచారు, తేడా కనబడలేదు. పొరపాటు జరిగిన చోటు ఇదే. బీటా బ్లాకర్ వేసుకున్న మొదటి రోజు పంపింగ్ నిజంగానే తగ్గుతుంది. నెల తిరిగేసరికి మొదటున్న చోటికి వస్తుంది. అసలు మెరుగుదల కనిపించేది మూడో నెలకి. గది సైజు తగ్గి గుండె ఆకారం మారడానికి ఏడాది పైనే పట్టొచ్చు. ఈ క్రమం మొత్తాన్ని ఎకోలతో వరసగా కొలిచి 1995లో ప్రచురించారు. అంటే నెల రోజుల ట్రయల్ సరిగ్గా ఏమీ కనబడని రోజునే లెక్క చూసుకుని ఇంటికి వెళ్లిపోయింది. 1985లో ఏడాది పాటు నడిచిన ట్రయల్‌లో మాత్రం మేలు కనిపించింది.

ఈలోగా లాబొరేటరీల నుంచీ సాయం అందింది. గుండె మార్పిడి ఆపరేషన్లలో తీసేసిన జబ్బు గుండెలను మైకేల్ బ్రిస్టో బృందం పరీక్షించి, వాటిలో బీటా రిసెప్టార్లు (నార్‌అడ్రినలిన్ వచ్చి అతుక్కునే చోట్లు, బీటా బ్లాకర్లు మూసేసేవీ వీటినే) సగానికి సగం తగ్గిపోయాయని 1982లో చూపించింది. ఎడతెగని అదిలింపు నుంచి గుండె తనని తాను కాపాడుకుంటోందని దానర్థం. 1984లో జే కోన్ ఇంకో ముక్క కలిపాడు: రక్తంలో నార్‌అడ్రినలిన్ ఎంత ఎక్కువుంటే ఆ పేషెంటుకి చావు అంత దగ్గర. ఇన్నాళ్లూ ఊతమనుకున్నది అలిసిన ఎద్దుని పొడిచే ములుగర్రలా కనబడటం అప్పుడు మొదలైంది.

అనుమానం బాగా సడలింది మాత్రం ఎదుటి పక్షం ఓటమితోనే. గుండె బలంగా కొట్టుకునేలా చేసే మందులు అప్పట్లో కంపెనీలకి బంగారు ఆశ. పేషెంటుకి వెంటనే హాయిగా ఉంటుంది, డాక్టరుకీ కంటికి కనిపిస్తుంది. 1990లో లాన్సెట్‌లో క్సామోటెరాల్ ఫలితాలు వచ్చాయి. బీటా రిసెప్టార్‌ని కొంతమేర ప్రేరేపించే మందు అది. తీవ్రమైన హార్ట్ ఫెయిల్యూర్ ఉన్న 516 మందిలో ప్లాసిబో గుంపులో 3.7 శాతం చనిపోతే, మందు గుంపులో 9.1 శాతం చనిపోయారు. 1991లో ప్రామిస్ ట్రయల్ వంతు. 1088 మందితో నడిచిన ఈ ట్రయల్‌లో మిల్రినోన్ మాత్రలు వేసుకున్నవాళ్లలో మరణాలు 28 శాతం పెరిగాయి. ఆయాసం తగ్గించడం, ఆయుష్షు పెంచడం వేర్వేరు పనులని ఈ రెండూ తేల్చేశాయి.

అలాగని తర్వాతి దారి నల్లేరు మీద నడక కాలేదు. 1993లో వాగ్‌స్టీన్ నడిపిన ఎండీసీ ట్రయల్‌లో 383 మందికి మెటోప్రొలాల్ గాని ప్లాసిబో గాని ఇచ్చారు. గుండె మార్పిడి అవసరం తగ్గింది గాని మరణాలు తగ్గలేదు. బిసోప్రొలాల్‌తో 1994లో వచ్చిన మొదటి సీబిస్ ట్రయల్‌లోనూ తేడా గణాంకాలకు ఆనలేదు. 1996లో మిల్టన్ ప్యాకర్ బృందం అమెరికాలో 1094 మందిపై చేసిన కార్వెడిలాల్ ఫలితాలు ప్రకటించింది. ప్లాసిబో గుంపులో 7.8 శాతం మరణాలు, మందు గుంపులో 3.2 శాతం. ఇంత తేడా చూసి కూడా, మందులకు అనుమతిచ్చే అమెరికా ఎఫ్‌డీఏ సలహా సంఘం ఆ ఏడాది మేలో వద్దంది! ట్రయల్స్ మొదలుపెట్టినప్పుడు కొలుస్తామన్నది ముఖ్యంగా నడక సామర్థ్యాన్ని, మరణాలను కాదు, కాబట్టి ఈ లెక్క చెల్లదన్నారు. నియమం పట్టుకుని ప్రాణాలు వదిలేశారని అప్పట్లో పెద్ద గొడవ. కానీ ముందు చెప్పని ఫలితాన్ని తర్వాత ఏరుకోవడం ఎంత ప్రమాదమో స్టాటిస్టిక్స్ తెలిసినవాళ్లకి తెలుసు, సంఘం భయంలో అర్థముంది. 1997లో రెండోసారి పరిశీలించి అనుమతి ఇచ్చారు.

చివరికి 1999లో రెండు పెద్ద ట్రయల్స్ వివాదాన్ని ముగించాయి. సీబిస్-2లో 2647 మంది, మెరిట్-హెచ్‌ఎఫ్‌లో 3991 మంది. మందులు వేరు, నడిపినవాళ్లు వేరు, మరణాలు తగ్గింది మాత్రం రెండింట్లోనూ 34 శాతం. ప్లాసిబో ఇస్తూ పోవడం న్యాయం కాదని రెండింటినీ ముందే ఆపేశారు. మెరిట్-హెచ్‌ఎఫ్‌ని నడిపించింది గోథెన్‌బర్గ్ యాల్మర్‌సనే. 1975 నాటి ఏడుగురి నుంచి ఇక్కడికి రావడానికి ఆ బృందానికి 24 ఏళ్లు పట్టింది. బీటా బ్లాకర్లన్నీ ఒకటే అనుకోవడానికీ లేదు. 2708 మందితో చేసిన బెస్ట్ ట్రయల్‌లో బ్యుసిండొలాల్ మరణాలను చెప్పుకోదగ్గంత తగ్గించలేదని 2001లో తేలింది. అందుకే గైడ్‌లైన్లలో ఫలానా మందులే వాడమని పేరుపెట్టి చెబుతారు.

ఇప్పటి ఇబ్బంది వేరే రకం. ఈ మందుని చీమ నడకలా పెంచాలి. కార్వెడిలాల్ అయితే రోజుకి రెండుసార్లు 3.125 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, కనీసం రెండు వారాలకోసారి రెట్టింపు చేస్తూ 25 దాకా తీసుకెళ్లాలి. మధ్యలో కళ్లు తిరుగుతాయి, నీరసంగా ఉంటుంది, నాడి తగ్గుతుంది. పేషెంటుకి టెన్షన్, డాక్టరుకి జంకు. చిన్న డోసు దగ్గరే ఆగిపోతారు. అమెరికాలో 3518 మందిని పరిశీలించిన ఛాంప్-హెచ్‌ఎఫ్ రిజిస్ట్రీ 2018లో చెప్పిన లెక్క ప్రకారం, బీటా బ్లాకర్‌తో కలిపి అప్పటికి ముఖ్యమైన మూడు రకాల మందులూ పూర్తి డోసులో అందుతున్నవాళ్లు 1 శాతమే.

ఇంకోపక్క ఈ మందుని అవసరం లేనిచోట కూడా వాడుతున్నామా అన్న ప్రశ్న మొదలైంది. గుండెపోటు వచ్చి, పంపింగ్ (గుండె గదిలోని రక్తంలో ఒక్కో దెబ్బకి బయటికి వెళ్లే వాటా) మాత్రం 50 శాతానికి తగ్గనివాళ్లకి బీటా బ్లాకర్‌తో లాభం లేదని 2024లో రెడ్యూస్-ఏఎంఐ ట్రయల్ చెప్పింది. 5020 మంది, అందులో ఎక్కువమంది స్వీడన్ వాళ్లే. 2025లో స్పెయిన్, ఇటలీల రీబూట్ ట్రయల్ పంపింగ్ 40 శాతం పైన ఉన్నవాళ్లలో అదే మాటంటే, నార్వే, డెన్మార్క్ ట్రయల్స్ కలిపి చూసినప్పుడు కొంత మేలు కనిపించింది. పంపింగ్ 40 నుంచి 49 శాతం మధ్య ఉన్నవాళ్లని అన్ని ట్రయల్స్ నుంచీ వేరుచేసి చూస్తే మందు పనిచేస్తోంది. 50 దాటినవాళ్లకి ఆపేయొచ్చా అన్న దాని మీద కార్డియాలజిస్టులు ఇంకా ఒక మాట మీదకి రాలేదు.