రైలూ బస్సూ ఒకే శాఖగా ఉన్న కాలం

హైదరాబాద్‌లో ఎంఎంటీఎస్ లోకల్ రైలు దిగిన ప్రయాణికుడు బస్సు కోసం మెయిన్ రోడ్డు దాకా నడవాల్సి రావడం, రెండింటి వేళలు కుదరకపోవడం పాత ఫిర్యాదే. రైలు కేంద్రానిది, బస్సు రాష్ట్రానిది అన్న జవాబూ అంతే పాతది. అయితే ఇదే నగరంలో దాదాపు రెండు దశాబ్దాల పాటు రెండింటినీ ఒకే ప్రభుత్వ శాఖ నడిపింది.

నేటి కర్ణాటకలోని వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు రైలు మార్గం 1874లో మొదలైంది. అక్కడి తమ సైనిక కంటోన్మెంటును బొంబాయి–మద్రాసు లైనుతో కలపాలన్నది బ్రిటిషు వారి పట్టుదల. ఖర్చు భారం మాత్రం నిజాం ఖజానాపై పడింది. 1883లో ఆ లైనును లండన్‌లో ఏర్పడిన కంపెనీకి అప్పగిస్తూ, ఆదాయం చాలకపోయినా పెట్టుబడిపై ఇరవై ఏళ్ల పాటు ఐదు శాతం వడ్డీ చెల్లిస్తామని హైదరాబాద్ ప్రభుత్వం హామీ ఇచ్చింది. ‘నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే’ అన్న పేరు అలా వచ్చిందే. చాందా (నేటి చంద్రపూర్) రైల్వే పథకంగా పేరుపడిన ఈ ఏర్పాటు వివరాలు బయటపెట్టాలని పట్టణ ప్రముఖులు నిలదీశారు; వారిలో ఒకరైన అఘోరనాథ్ చటోపాధ్యాయను, అంటే సరోజినీ నాయుడు తండ్రిని, ప్రభుత్వం నగరం నుంచి బహిష్కరించింది. రైల్వే ఒప్పందం మీద హైదరాబాద్‌లో బహిరంగంగా సాగిన ఆ తొలి వాదన, నా దృష్టిలో, ఆ లైను వేసిన ఇంజనీర్ల ఘనత కంటే ఎక్కువ గుర్తుంచుకోదగినది. లైను 1889 నాటికి బెజవాడ చేరింది. 1930లో ప్రభుత్వం కంపెనీ నుంచి రైల్వేను కొనేసింది. అప్పటి ఆర్థిక మంత్రి అక్బర్ హైదరీ ఇందులో ముఖ్య పాత్ర వహించారు.

అంత సొమ్ము పోసి కొన్న రైల్వేకు అప్పటికే మోటారు బస్సుల పోటీ మొదలైంది. దేశమంతటా ఇదే సమస్య. బ్రిటిష్ ఇండియాలో దీనిపై మిచెల్, కిర్క్‌నెస్ అనే అధికారుల అధ్యయనం జరుగుతున్న రోజుల్లోనే, 1932 జూన్‌లో, నిజాం స్టేట్ రైల్వే తనలో ఒక విభాగంగా రోడ్డు రవాణా శాఖను ప్రారంభించింది. మొదట 27 బస్సులు, 166 మంది సిబ్బంది. ప్రైవేటు బస్సులను దశలవారీగా తప్పిస్తూ ఈ శాఖ విస్తరించింది. ప్రజాసేవ కోసమే ఇది పుట్టిందని చెప్పుకోవడం పరిపాటి గానీ, రైలు ఆదాయాన్ని కాపాడుకోవడం అసలు అవసరం. టికెట్టు డబ్బు రైలు నుంచి వచ్చినా బస్సు నుంచి వచ్చినా చేరేది ఒకే ఖాతాకు కాబట్టి, రెండింటికీ పొత్తు కుదర్చాల్సిన పని ఎవరికీ ప్రత్యేకంగా పడలేదు.

ఆ కాలపు ఆనవాళ్లు కొన్ని చాలాకాలం నిలిచాయి. బస్సుల నంబర్లలో ‘జెడ్’ అక్షరం ఏడో నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద పెట్టిందని జనం చెప్పుకుంటారు. ఆర్టీసీ బస్సులకు ఆ అక్షరం తర్వాతా కొనసాగింది. విమానాల హ్యాంగరుగా తెప్పించిన ఇనుప షెడ్డు గౌలిగూడలో బస్ డిపోగా మారి, 2018 జూలైలో కూలిపోయే దాకా నిలిచింది. రైల్వే అక్కడితోనూ ఆగలేదు. 1945లో టాటాలతో కలిసి దక్కన్ ఎయిర్‌వేస్‌ను పెట్టింది.

హైదరాబాద్ భారత యూనియన్‌లో కలిశాక ఈ ఏర్పాటు నిలవలేదు. రాజ్యాంగం రైల్వేలను కేంద్ర జాబితాలో, జాతీయ రహదారులు మినహా రోడ్లను రాష్ట్ర జాబితాలో చేర్చింది. 1950 ఏప్రిల్ 1న రైల్వే కేంద్రానికి వెళ్లింది. 1951 నవంబరులో బస్సుల విభాగం దాని నుంచి విడిపోయి రాష్ట్ర ప్రభుత్వ శాఖ అయింది. అదే 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థగా మారింది. సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే 1966లో ఏర్పడే నాటికి, రైలు వాళ్లకూ బస్సు వాళ్లకూ ఉమ్మడి యజమాని లేడు.

2003లో ఎంఎంటీఎస్ రాష్ట్ర ప్రభుత్వం, రైల్వే చెరిసగం ఖర్చుతో మొదలైంది. నగర రవాణాకు 2008లో ఉమ్మడి ప్రాధికార సంస్థను ఏర్పాటు చేసినా, ఆర్టీసీ, రైల్వే ఎవరి బడ్జెట్లు వారివే. ఎంఎంటీఎస్ రెండో దశలో మూడింట రెండు వంతులు రాష్ట్రం, మిగిలినది రైల్వే భరించాలని ఒప్పందం కుదిరింది. రాష్ట్రం వాటా రాలేదంటూ సాగిన వాదనల మధ్య ఆ పనులు ఏళ్ల తరబడి నడిచాయి.